వాటా ఎవరి చేతిలో ఉన్నదో ముందు చూడాలి

కమ్మర్‌పల్లి, మోర్తాడ్, ఏర్గట్ల, భీమ్‌గల్ దిక్కు రైతు ఉత్పత్తిదారుల కంపెనీల మాట ఈ మధ్య ఎక్కువగా వినబడుతున్నది. దేశంలో పదివేల కంపెనీలు పెట్టిస్తామని కేంద్రం 2020 ఫిబ్రవరిలో పథకం తెచ్చింది. రైతు కట్టే వాటా డబ్బుకు జోడుగా మనిషికి 2,000 రూపాయల దాకా, కంపెనీకి 15 లక్షలు మించకుండా ఇస్తామన్నది. 2025 జనవరి 14న నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైనంక ఆశలు ఇంకా పెరిగినయి. మేము ఊర్లల్లో మీటింగులు పెట్టినప్పుడు మాత్రం సబ్సిడీ సంగతి కంటే ముందు వచ్చే ప్రశ్న ఇది: "కంపెనీ అంటున్నరు. రేపు ఎవడన్నా పెద్ద సేటు వచ్చి దాన్నే కొనుక్కుంటే మా గతేంది?"

ఈ ప్రశ్నకు భయపడేది లేదు, నవ్వేది అంతకన్నా లేదు. యజమాని వద్దు వద్దంటుంటే కంపెనీని బయటివాడు గుంజుకోవడం మన రాష్ట్రంలోనే జరిగింది. అది ఎట్లా జరిగిందో తెలిస్తే మన కాగితాల్లో ఏం చూసుకోవాలో తెలుస్తది.

1998 నాటి రాశి సిమెంట్ కథ చాలామంది మర్చిపోయి ఉంటారు. భీమవరం ప్రాంతం నుంచి వచ్చిన బి.వి. రాజు గారు ప్రభుత్వ సంస్థ అయిన సిమెంట్ కార్పొరేషన్‌కు పెద్దగా పనిచేసిన మనిషి. రిటైరైనంక సొంతంగా రాశి సిమెంట్ పెట్టి, నల్గొండ జిల్లా విష్ణుపురంలో ఫ్యాక్టరీ నడిపించారు. కింది నుంచి కట్టుకున్న కంపెనీ. కానీ అందులో ఆయన కుటుంబానికి ఉన్న వాటా సుమారు మూడో వంతే. మిగతాది బ్యాంకుల లాంటి ఆర్థిక సంస్థల దగ్గర, షేర్ బజారులో కొనుక్కున్న వేలమంది చేతుల్లో ఉన్నది. మద్రాసుకు చెందిన ఇండియా సిమెంట్స్, దాని అధిపతి ఎన్. శ్రీనివాసన్ కన్ను దీని మీద పడింది. ముందు చప్పుడు లేకుండా బజారులో షేర్లు కొన్నారు. తర్వాత బహిరంగంగా షేరుకు 300 రూపాయలు ఇస్తాం, అమ్మదలచినవాళ్లు రండి అని చాటింపు వేశారు. బజారు ధర అప్పటికి దానికి చాలా కింద ఉన్నది.

ఇది దొంగతనం కాదు, చట్టం ఒప్పుకున్న పని. సెబీ 1997లో చేసిన నిబంధనల ప్రకారం అప్పట్లో పది శాతం దాటి కొనాలంటే, ఇంకో 20 శాతానికి అందరికీ ఒకే ధర ప్రకటించాలి. చిన్న వాటాదారు మోసపోకుండా పెట్టిన నిబంధన అది. అయితే దాని అర్థం ఇంకోటి కూడా ఉంది. కంపెనీ ఎవరిది అనేది ఎవరు ఎక్కువ ధర పెడతారు అనే దాని మీద తేలుతుంది. యార్డులో పసుపు కుప్ప ముందర పాట నడిచినట్టే. తేడా ఏమిటంటే, అక్కడ పాట పెట్టింది పంటకు కాదు, చేనుకు.

రాజు గారు అప్పటికి ఎనభైకి దగ్గరపడ్డారు. మొదట గట్టిగానే ఎదిరించారు. శ్రీవిష్ణు సిమెంట్‌లో రాశికి ఉన్న వాటాను తనవాళ్ల సంస్థలకు మార్చే ప్రయత్నం కూడా జరిగింది. ఇల్లు పోయినా ఇత్తడి సామాను దక్కనీయమన్నట్టు. దానికి ఆర్థిక సంస్థలు అడ్డం చెప్పినయి. వాళ్ల డబ్బు కూడా ఉన్నది కదా, ఊరుకోరు. చివరికి ఆయన తన కుటుంబ వాటా కూడా ఇండియా సిమెంట్స్‌కే అమ్మి బయటికి వచ్చారు. మంచి ధరే వచ్చింది, ఆ డబ్బుతో ఆయన ఎవరికీ చేయి చాచవలసిన పని లేకుండా పోయింది. కానీ కంపెనీ పోయింది. ఈ మొత్తం తగాదాలో గనుల కోసం భూములు ఇచ్చిన ఊర్లను గానీ, కొలిమి దగ్గర పనిచేసినవాళ్లను గానీ మీ మాటేమిటి అని అడిగే చోటు ఎక్కడా లేదు. షేరు లేనివాడికి ఆ చట్టంలో నోరు లేదు.

ఇంకో సంగతి. 2024లో అదే ఇండియా సిమెంట్స్ వంతు వచ్చింది. బిర్లాల అల్ట్రాటెక్ జూన్‌లో బజారు నుంచి దాదాపు 23 శాతం కొన్నది, డిసెంబరుకల్లా శ్రీనివాసన్ వర్గం దగ్గరున్న 32 శాతం పైచిలుకు కూడా కొనేసింది. ఇరవై ఆరేండ్ల కింద మింగిన చేపను ఇంకా పెద్ద చేప మింగింది. మాకు ఎవరి మీదా జాలి లేదు, సంతోషమూ లేదు.

గెలిచినవాళ్లు లేరా అంటే ఉన్నారు. మన పిల్లలు ఫోన్లలో, కంప్యూటర్లలో ఆడే ఆటలు తయారుచేసే ఫ్రాన్సు కంపెనీ ఒకటి, యూబీసాఫ్ట్. 'అసాసిన్స్ క్రీడ్' అనే ఆట వాళ్లదే. దాన్ని 1986లో పెట్టింది గియ్‌మో ఇంటిపేరు గల అయిదుగురు అన్నదమ్ములు. వాళ్ల తల్లిదండ్రులది బ్రిటనీ ప్రాంతంలో రైతులకు కావలసిన సరుకులు అమ్మే వ్యాపారం. మన మోర్తాడ్‌లో ఎరువుల దుకాణం పెట్టుకున్న ఇంటి పిల్లలు అంత పని చేశారనుకోండి. 2015లో వివెండి అనే పెద్ద సంస్థ, దాని వెనక బొల్లోరే అనే కోటీశ్వరుడు, వీళ్ల షేర్లు కొనడం మొదలుపెట్టారు. అన్నదమ్ములదే ఇంకో ఆటల కంపెనీ గేమ్‌లాఫ్ట్‌ను 2016లో కాజేశారు కూడా. యూబీసాఫ్ట్‌లో 27 శాతం దాకా వచ్చారు. ఆ దేశంలో 30 శాతం దాటితే మొత్తం కొంటామని ప్రకటించాలి. అంటే గడప దాకా వచ్చి నిలబడ్డారు.

వీళ్లు రెండున్నర ఏండ్లు లొంగలేదు. వాటాలు ఉన్న ఉద్యోగులు కుటుంబం పక్కన నిలబడ్డారు. ఎక్కువ కాలం అట్టిపెట్టుకున్న షేరుకు రెండు ఓట్లు ఇచ్చే పద్ధతి అక్కడ ఉండటం కూడా కలిసొచ్చింది. నిన్న కొన్నవాడికి ఒక ఓటు, మొదటి నుంచి ఉన్నవాడికి రెండు. 2018 మార్చిలో వివెండి తన వాటా మొత్తం అమ్ముకొని వెళ్లిపోయింది. ఓడి పోయింది అందామా? అమ్మిన ధర 200 కోట్ల యూరోలు, అందులో లాభమే 120 కోట్లు. పైగా వివెండి వాటాలో కొంత కొనడానికి అన్నదమ్ములు తోడు పిలిచినవాళ్లలో చైనా వాళ్ల టెన్సెంట్ ఉన్నది. అది మొదట 5 శాతమే తీసుకున్నది. 2022లో అన్నదమ్ముల సొంత సంస్థలోనే దాదాపు సగం వాటా, ఓటు హక్కు మాత్రం తక్కువ పెట్టుకొని, కొన్నది. 2025లో ముఖ్యమైన ఆటలన్నీ వేరే సంస్థగా పెట్టి అందులో పావు వంతు దానికే ఇవ్వవలసి వచ్చింది. గుంజుకునేవాణ్ణి ఆపడానికి పిలిచిన పెద్దమనిషి వాకిట్లో మంచం వేసుకున్నాడు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. నిజాం షుగర్స్‌ను గుంజుకోవడానికి ఎవరికీ షేర్ బజారులో పాట పెట్టే అవసరమే పడలేదు. 1937లో నిజాం కాలంలో పుట్టి, ఆసియాలోనే పెద్దదని పేరు పడ్డ ఫ్యాక్టరీ. నిజాంసాగర్ నీళ్లు, బోధన్ చుట్టూ చెరుకు, శక్కర్‌నగర్ గొట్టం — ఈ మూడు కలిస్తేనే అది. 2002లో ఆనాటి రాష్ట్ర ప్రభుత్వం 51 శాతం వాటాను డెల్టా పేపర్ మిల్స్‌కు ఇచ్చి, 49 శాతం తన దగ్గర పెట్టుకొని, నిజాం డెక్కన్ షుగర్స్ అని కొత్త పేరు పెట్టింది. శక్కర్‌నగర్‌తోపాటు మా కమ్మర్‌పల్లికి దగ్గరలో ఉండే ముత్యంపేట, మెదక్ దగ్గర మంబోజిపల్లి కూడా అందులోనే పోయినయి. రాజు గారి దగ్గర కొనేవాడు ఆయనను కనీసం ధర అడిగాడు. ఇక్కడ దశాబ్దాలుగా చెరుకు పోసిన రైతును ఎవరూ ఏమీ అడగలేదు. అడగవలసిన అవసరం చట్టంలో లేదు, ఎందుకంటే రైతు దగ్గర ఉన్నది చెరుకు తూకం చిట్టీ, వాటా కాగితం కాదు.

తర్వాత 2004లో సభా సంఘం వేశారు, రైతులు, కార్మికులు కొట్లాడారు, 2015 డిసెంబరు 23న మూడు యూనిట్లూ మూతపడ్డాయి. ఇవి అందరికీ తెలిసినవే. మేము చెప్పదలచింది ఆ 49 శాతం గురించి. కంపెనీల చట్టంలో ప్రత్యేక తీర్మానం నెగ్గాలంటే నాలుగింట మూడు వంతుల ఓట్లు కావాలి. అంటే పావు వంతు కంటే కొంచెం ఎక్కువ ఉన్నవాడు పెద్ద నిర్ణయాలకు అడ్డం పడగలడు. ప్రభుత్వం చేతిలో దాదాపు సగం ఉన్నది. పదమూడు ఏండ్లు ఏ పార్టీ ప్రభుత్వమైనా దాన్ని పట్టుకొని ఏం చేసింది? వాటా ఉంటే చాలదు, దాన్ని వాడే మనిషి కావాలి అనడానికి దీనికంటే పెద్ద ఉదాహరణ మాకు తెలియదు.

2015లో తెలంగాణ ప్రభుత్వం, మహారాష్ట్రలో లాగా రైతులే సహకార సంఘం పెట్టుకొని ఫ్యాక్టరీ నడుపుకోండి అన్నది. రైతులు ముందుకు రాలేదు. దాన్ని చూపించి ఇప్పటికీ కొందరు "రైతులకే చేతకాలేదు" అంటుంటారు. ఈ మాట మాకు కోపం తెప్పిస్తది. పాలిచ్చే రోజుల్లో బర్రె ఇంకొకరి కొట్టంలో ఉన్నది. అప్పులు మోపై, మిషన్లు పాతబడి, చెరుకు విస్తీర్ణం పడిపోయినంక తాడు మన చేతిలో పెడతామన్నారు. అదే మాట 2002లో అని ఉంటే, ఆ 51 శాతంలో చెరుకు రైతులకు వంతు పెట్టి ఉంటే, కథ ఇంకోలా ఉండేది. 2024 జనవరిలో ఇప్పటి ప్రభుత్వం మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన పునరుద్ధరణ కమిటీ వేసింది. గొట్టం నుంచి పొగ రావాలనే మేమూ కోరుకుంటున్నం. కానీ తెరిచే రోజునే చెరుకు రైతుకు వాటా, డైరెక్టర్ల బోర్డులో కుర్చీ, రాతపూర్వకంగా ఉండాలి. నడిచినంక చూద్దాం అంటే మేము ఒప్పుకోము.

ఇక రైతులు అడిగిన ప్రశ్నకు వద్దాం. ఉత్పత్తిదారుల కంపెనీని సేటు వచ్చి రాశి సిమెంట్‌లాగా కొనుక్కోలేడు. ఆ కంపెనీల కోసం 2002లో చేసిన చట్టంలో, ఇప్పటి కంపెనీల చట్టంలో కూడా, దీని వాటా షేర్ బజారుకు వెళ్లదు. అమ్మదలిస్తే బోర్డు ఒప్పుకొని, పంట పండించే ఇంకో సభ్యుడికే, రాసి ఉన్న అసలు ధరకే ఇవ్వాలి. రైతులు సభ్యులుగా ఉన్న కంపెనీలో ఒక వాటా ఉన్నా వంద ఉన్నా మనిషికి ఒక్కటే ఓటు. ఫ్రాన్సు అన్నదమ్ములు రెండు ఓట్ల పద్ధతితో సంపాదించుకున్న రక్షణ కంటే ఇది గట్టిది.

అయితే తాళం గట్టిదైనా కిటికీ తెరిచి ఉంటే? ఆరువందల మంది సభ్యులున్న కంపెనీని లెక్క వేసుకోండి. నియమావళిలో ఎక్కువ రాసుకోకపోతే, సర్వసభ్య సమావేశానికి నాలుగో వంతు, అంటే 150 మంది వస్తే చాలు, కోరం అయినట్టే. అందులో 76 మంది చేతులెత్తితే డైరెక్టర్లు ఎన్నికైతరు. ఆ డైరెక్టర్లు గోదాము తాకట్టు పెట్టవచ్చు, పంట మొత్తం ఒకే కొనుగోలుదారుకు పోసేటట్టు అయిదేండ్ల ఒప్పందం రాయవచ్చు, ఆ కొనుగోలుదారు దగ్గరే అప్పు తీసుకోవచ్చు. వాటా ఒక్కటి కూడా చేయి మారదు, పేరు రైతులదే ఉంటది, పెత్తనం మాత్రం వేరేవాడిది అయిపోతది. పసుపు ఉడకబెట్టే రోజుల్లో, వరి నాట్ల రోజుల్లో మీటింగు పెడితే 150 మంది రావడమే కష్టం; సంతకాల పుస్తకం ఇంటింటికీ తిప్పి కోరం చూపించే అలవాటు మన సొసైటీల్లో కొత్తది కాదు. సహకార పద్ధతి ఒక్కటే కాపాడదు అనడానికి సారంగాపూర్ సహకార చక్కెర ఫ్యాక్టరీ గేటు చూస్తే చాలు. కాపాడగలదు అనడానికి 1956 నుంచి నిలబడ్డ ముల్కనూర్ సొసైటీ ఉన్నది. రెండూ ఒకే రకం చట్టాల కింద పుట్టినవే.

అందుకని మీ ఊరి కంపెనీలో చేరినవాళ్లకు మేము చెప్పేది ఇంత. డబ్బు కట్టిన రసీదు వేరు, వాటా పత్రం వేరు, పత్రం అడగండి. నియమావళి తెలుగు ప్రతి అడగండి. సమావేశానికి 14 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, అది ఫోన్లో మెసేజితో సరిపెడితే ఒప్పుకోవద్దు. కోరం నాలుగో వంతు కాదు, సగం అని నియమావళిలో మార్పించవచ్చు. ఒక్క కొనుగోలుదారుకు కట్టేసే ఒప్పందం, ఆస్తి తాకట్టు — ఈ రెండూ డైరెక్టర్లు కాకుండా సర్వసభ్య సమావేశమే తేల్చాలని కూడా రాయించుకోవచ్చు. డైరెక్టర్లు మీటింగు పెట్టకపోతే, ఓటు ఉన్న సభ్యుల్లో మూడో వంతు మంది సంతకాలు చేసి ప్రత్యేక సమావేశం పెట్టించే హక్కు ఉన్నది.

వచ్చే నెల మండల సమావేశానికి కంపెనీల్లో చేరిన సభ్యులందరూ తమ దగ్గరున్న కాగితాలు పట్టుకొని రావాలి. పత్రం రానివాళ్లు ఎంతమంది ఉన్నారో అక్కడే ఊరి వారీగా లెక్క రాసి, ఆయా కంపెనీల డైరెక్టర్లకు సంఘం తరఫున ఉత్తరాలు పంపుతాం.