తొలి జీతము - తొలి గాయము

మహనీయుల జీవితచరిత్రలలో తొలి కొలువును గురించిన ప్రకరణమంటే పాఠకులకు ప్రీతి. చిన్నతనములో పరుల దుకాణములో చాకిరి, చేతికందిన నాలుగు రాళ్లు, అటుపైన కీర్తిప్రతిష్ఠలు. ఈ వరుసలో కథ నడిస్తే బడిపిల్లలకు ఇంతకంటె సులువైన నీతిపాఠము దొరకదు. కష్టపడినాడు కనుకనే అంతవాడైనాడని ముగిస్తే గంట కొట్టే వేళకు పాఠమూ పూర్తవుతుంది. కాని ఆ ప్రకరణమును అనుభవించినవాడు దానిని ఎన్నేళ్లు నోరు విప్పి చెప్పలేకపోయినాడో తరగతిలో చెప్పేవారు అరుదు.

ఛార్లెస్ డికెన్స్ సంగతి చూడవచ్చును. 1824 ఫిబ్రవరిలో, పన్నెండవ ఏడు నిండిన రెండు రోజులకే, ఆ బాలుని లండనులో బూట్లకు పూసే నల్లరంగు తయారుచేసే వారెన్ కార్ఖానాలో పనికి పెట్టినారు. వారమునకు ఆరేడు షిల్లింగుల జీతము. థేమ్సు నది ఒడ్డున, హంగర్‌ఫర్డ్ మెట్ల దగ్గర, ఎలుకలు స్వేచ్ఛగా తిరుగాడే పాతకాలపు ఇల్లది. రంగు నింపిన కుండీల మూతికి నూనెకాగితము, దానిపై నీలికాగితము కప్పి, దారము చుట్టి, అంచులు కత్తిరించి, పైన చీటీ అంటించాలి. ఇంతే పని. కొన్నాళ్లకే తండ్రి నలభై పౌన్ల చిల్లర బాకీ తీర్చలేక మార్షల్సీ అనే బాకీదారుల జైలు పాలైనాడు. తల్లీ తక్కిన చిన్నపిల్లలూ పిమ్మట ఆ జైలులోనే కాపురమున్నారు. అక్క ఫానీ మాత్రము రాయల్ అకాడమీలో సంగీతము నేర్చుకొంటున్నది. ఆమె బహుమతి అందుకొన్న నాడు సభలో కూర్చున్న తమ్ముడు కన్నీరు ఆపుకోలేకపోయినాడు. అది అసూయ కాదని ఆయనే తరువాత వ్రాసుకొన్నాడు. నమ్మవచ్చును. ఒకే ఇంటి బిడ్డలలో ఒకరికి చదువు, ఒకరికి చాకిరి పంచి ఇచ్చినప్పుడు కలిగే నొప్పికి అసూయ అనే పేరు చాలదు.

జీతమును ఆరు పొట్లములుగా కట్టి, ఒక్కొక్క దానిపై ఒక్కొక్క రోజు పేరు వ్రాసుకొనేవాడట ఆ బాలుడు. అయినా త్రోవలో సగము వెలకు అమ్మే నిన్నటి మిఠాయి కంటబడితే మధ్యాహ్న భోజనపు డబ్బులు అక్కడే ఖర్చయ్యేవి. ఈ పొట్లముల ముచ్చటను మితవ్యయమునకు ఉదాహరణగా చెప్పేవారుండవచ్చును. పన్నెండేళ్లవాడు వారమునకు సరిపడే ఆకలిని ముందే లెక్కగట్టుకోవలసి వచ్చినదనడము నిజమునకు దగ్గర.

ఆ కార్ఖానాలో బాబ్ ఫేగిన్ అనే కుర్రవాడుండేవాడు. తల్లిదండ్రులు లేరు. పడవ నడిపే బావగారి పంచన ఉండేవాడు. ఒకనాడు డికెన్సుకు ప్రక్కనొప్పి వచ్చి మెలికలు తిరిగిపోతే, ఖాళీ రంగు సీసాలలో వేడినీళ్లు పోసి సాయంత్రము వరకు కాపడము పెట్టినవాడు అతడే. పని ముగిసిన తరువాత ఒంటరిగా పోనీయక ఇంటిదాకా దిగబెడతానని వెంటబడినాడు. ఇల్లెక్కడ? తండ్రి జైలులో ఉన్నాడని చెప్పడానికి నోరు రాలేదు. సౌత్‌వార్క్ వంతెన దగ్గర ఎవరిదో ఇంటి ముందు ఆగి, ఇదే మా ఇల్లని మెట్లెక్కి, స్నేహితుడు వెనుదిరిగి చూస్తాడేమోనని తలుపు కూడా తట్టినాడు. తలుపు తీసిన స్త్రీని, ఇది రాబర్ట్ ఫేగిన్ గారి ఇల్లా అని అడిగినాడు! బాల్యములోని అవమానమెంత లోతుగా ఉంటుందో తెలియడానికి ఈ ఒక్క తలుపు చాలును. మరి పదమూడేళ్లకు వ్రాసిన ‘ఆలివర్ ట్విస్ట్’ నవలలో పిల్లలచేత దొంగతనములు చేయించే ముసలివానికి ఆయన పెట్టిన పేరు ఫేగిన్. ఉపకారికి ఇటువంటి ప్రత్యుపకారమా అని విమర్శకులు నేటికీ తర్కిస్తూనే ఉన్నారు. ఆ దయను అంగీకరిస్తే ఆ చోటు తనదేనని అంగీకరించినట్లవుతుందని ఆ పసిమనసు భయపడి ఉంటుంది.

తండ్రి విడుదలై, కార్ఖానా నడిపే బంధువుతో తగవు పడి, కుమారుని పని మాన్పించినాడు. తల్లి రాజీ కుదిర్చి తిరిగి పంపుదామన్నది. ఆ మాటను ఆయన జన్మలో మరువలేదు. ఎన్నాళ్లు పనిచేసినాడో మాత్రము ఆయనకే నిశ్చయముగా గుర్తులేదు. ఏడాదియో, ఎక్కువో, తక్కువో చెప్పలేనన్నాడు. కాలము లెక్కకు అందలేదు గాని వాసన అందినది. సీసాల బిరడాలకు పూసే లక్కవాసన తగలకుండా పెద్దవాడైన తరువాత కూడా ఆ వీధిలో అవతలి ప్రక్కకు దాటి నడిచేవాడు. 1847లో జాన్ ఫార్‌స్టర్ అనే మిత్రుడు యథాలాపముగా అడిగేవరకు ఈ కథ బయటకు పొక్కలేదు. ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’లో కల్పన మాటున కొంత దాగినది. లోకమునకు అసలు సంగతి తెలిసినది 1870లో ఆయన మరణించిన పిమ్మట, ఫార్‌స్టర్ వ్రాసిన జీవితచరిత్ర వలననే.

ఆ కార్ఖానా లేకపోతే ఆ నవలలూ లేవు గదా అని వాదించేవారున్నారు. వారికి డికెన్స్ జీవితమే సమాధానమిస్తున్నది. తండ్రి ఆయనను తిరిగి బడికి పంపినాడు. ఆ చదువు ముగిసి, పదునైదేళ్ల వయసున, 1827లో, ఒక న్యాయవాదుల కచేరీలో గుమాస్తాగా చేరినాడు. అక్కడా చిన్న జీతమే, నకళ్లు వ్రాయడము, కాగితములు మోయడమే. కాని ఆ కొలువును ఆయన దాచలేదు. ‘పిక్విక్’లో గుమాస్తాల తరగతులను వర్ణించి ఇంగ్లండునంతా నవ్వించినాడు. మనిషి ఒక్కడే, నగరమొక్కటే. మధ్యనున్నది మూడేళ్ల వయసు, ఒక బడి. మొదటి కొలువు గాయమైనది, రెండవది హాస్యమైనది.

మైకేల్ ఫారడే కథ ఇంకొక దారిని చూపుతుంది. ఆయన కమ్మరి కొడుకు. ఇల్లు గడవని రోజులలో వారమునకు ఒక్క రొట్టె చేతికిచ్చి సరిపెట్టుకొమ్మనేవారు. 1804లో, పదమూడవ ఏట, రీబో అనే పుస్తకవ్యాపారి దగ్గర పనికుర్రవాడుగా చేరినాడు. ఆ రోజులలో వార్తాపత్రిక ప్రియమైన వస్తువు. ఒకే ప్రతిని ఇంటింటికీ అద్దెకిచ్చి తిరిగి తెచ్చుకోవాలి. ఫారడే పని అదే. మరుసటి ఏడు రీబో ఆ బాలుని ఏడేళ్ల ఒప్పందముపై బైండింగు పనిలో శిష్యునిగా తీసుకొన్నాడు. ఏడాదిగా నమ్మకముగా పనిచేసినాడు గనుక రుసుము పుచ్చుకోలేదు. అంతకంటె పెద్ద మేలు మరొకటి ఉన్నది: కుట్టడానికి వచ్చిన పుస్తకములను చదవనిచ్చినాడు. బ్రిటానికా విజ్ఞానసర్వస్వములో విద్యుత్తును గురించిన వ్యాసము, రసాయనశాస్త్రముపై జేన్ మార్సెట్ సంభాషణరూపమున వ్రాసిన పుస్తకము అక్కడే కంటబడినవి. 1812లో దుకాణమునకు వచ్చే ఖాతాదారొకడు డేవీ ఉపన్యాసములకు టిక్కెట్లిచ్చినాడు. ఆ ఉపన్యాసముల వ్రాతప్రతిని తానే బైండు చేసి డేవీకి పంపినాడు. 1813 మార్చిలో రాయల్ ఇన్‌స్టిట్యూషనులో కొలువు దొరికినది. పెద్దవాడైన పిమ్మట వార్తాపత్రికల కుర్రవాళ్లు కనబడితే, తానూ ఒకప్పుడు పత్రికలు మోసినవాడనేనని ఆప్యాయముగా చెప్పుకొనేవాడు.

ఒకరు వీధి దాటి తప్పుకొన్నారు, ఒకరు ఆగి పలకరించినారు. పేదరికములో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా యజమాని పుస్తకము మూసినాడా, తెరిచినాడా అన్నదానిలోనే ఉన్నది. అయితే రీబో వంటివాడు దొరకడము అదృష్టము. అదృష్టమును ఆధారము చేసుకొని పిల్లలను పనిలో పెట్టమని ఏ ఉపాధ్యాయుడూ సలహా ఇవ్వరాదు.

1819నాటి ఇంగ్లీషు చట్టము పత్తిమిల్లులకే పరిమితము, రంగు కార్ఖానా జోలికి రాలేదు. అక్కడ ప్రాథమిక విద్యాచట్టము అమలులోకి వచ్చినది డికెన్స్ మరణించిన రెండు నెలలకు, 1870 ఆగస్టులో. ఈ దేశములో ఆరు మొదలు పదునాలుగేళ్ల వరకు చదువును హక్కుగా చేసిన చట్టము 2009లో వచ్చినది. 2016 సవరణ పదునాలుగేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టరాదన్నది గాని, బడి విడిచిన తరువాత, సెలవులలో ఇంటివారి వ్యాపారమునకు సాయపడవచ్చునని సందు విడిచినది. ఆ సందులోనుండి వచ్చిన పిల్లవాడే మొదటి పీరియడులో కునికిపాట్లు పడుతూ ఉంటాడు. వానిని లేపి బెంచీ ఎక్కించడము సులువు. రాత్రి ఎన్ని గంటలకు పడుకొన్నావని అడగడానికి కొంచెము ఓపిక కావాలి. అడిగినా వాడు నిజము చెప్పకపోవచ్చును, ఏదో ఇంటి తలుపు చూపవచ్చును. అది అబద్ధమని శిక్షించేముందు సౌత్‌వార్క్ వంతెన దగ్గరి మెట్లను తలచుకోవాలి.

ఫార్‌స్టర్ ఆ నాడు అడిగిన ప్రశ్న వెనుక చిన్న సంగతి ఉన్నది. డిల్క్ అనే పెద్దమనిషి ఒకప్పుడు డికెన్స్ తండ్రితో కలిసి వెళ్లి, పనిలో ఉన్న ఆ బాలుని చూసినాడు. చేతిలో అర క్రౌను నాణెము పెట్టినాడు. బాలుడు వంగి నమస్కరించినాడు. డిల్క్‌కు గుర్తున్నది ఆ నాణెము, ఆ నమస్కారము. ఇరువది ఏళ్లకు పైబడిన తరువాత ఆ మాట ఎత్తగానే డికెన్స్ కొన్ని నిమిషములు పలుకలేదు.