తవుడుకు కొన్న తమ్ముడు

నిన్ను తవుడిచ్చి కొన్నారని అక్క చెబితే నమ్మేసి, అమ్మ కొంగు పట్టుకుని ఏడ్చిన తమ్ముళ్లు తెలుగునాట ఊరూరా ఉంటారు. ఆ మాట అక్క పుట్టించింది కాదు. తన చిన్నప్పుడు ఏ అమ్మమ్మో, మేనమామో తనను ఏడిపించడానికి అన్నదే. కిందివాడు పుట్టగానే దాన్ని వాడికి అంటగట్టి తను తేలికపడింది. పైగా సాక్ష్యం కూడా చూపించేది. ‘కావాలంటే ఈ ఫొటో చూడు, ఇందులో అమ్మ, నాన్న, నేను ఉన్నాం. నువ్వేడీ?’ తను పుట్టకముందు తీసిన ఫొటో అని తెలియని వాడి దగ్గర దానికి జవాబేముంటుంది?

తోబుట్టువులకు తగవు పడటానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. ఆర్టీసీ బస్సులో కిటికీ పక్క సీటు చాలు, మామిడిపండు టెంక చాలు. పండు ముక్కలనైతే సమానంగా పంచవచ్చు. టెంక ఒక్కటే కదా! ‘మొన్న వాడికిచ్చావు, ఇవాళ నాకే’ అంటూ అమ్మకు లెక్క గుర్తుచేయాల్సిందే. ఇక ఆవకాయ కలిపిన రోజు సందడి చెప్పనక్కర్లేదు. జాడీకెత్తిన తర్వాత బేసినుకు అంటుకున్న కారంలో వేడన్నం, నెయ్యి వేసి కలిపి అమ్మ ముద్దలు పెడుతుంటే, చుట్టూ చేరిన పిల్లల కళ్లన్నీ పక్కవాళ్ల అరచేతుల మీదే. వాడి ముద్ద పెద్దది. ఎప్పుడూ వాడి ముద్దే పెద్దది! అష్టాచెమ్మాలో ఓడిపోతున్నవాళ్లు ‘తొండి’ అని అరిచి గవ్వలు చెదరగొట్టడం, గెలుస్తున్నవాళ్లు జుట్టు పట్టుకోవడం, ‘నాన్న రానీ, చెప్తా నీ సంగతి’ అని బెదిరింపు, ఆపైన కటీఫ్. మళ్లీ ఆ సాయంత్రమే జామకాయ దొరికితే, చొక్కా అంచు కప్పి కాకెంగిలి చేసి సగం చేతిలో పెట్టేది కూడా పొద్దున జుట్టు పట్టుకున్న అన్నే. ఆ రాజీకి పెద్దమనుషులెవరూ రానక్కర్లేదు.

మనం ఏటా భాద్రపదంలో పిల్లల చేతికి అక్షింతలిచ్చి చెప్పే వినాయక చవితి కథలోనూ ఈ పోటీ ఉంది. విఘ్నాలకు అధిపతి ఎవరన్న తగవు అన్నదమ్ములదే. లోకంలోని నదులన్నిటా మునిగి ముందు వచ్చినవారికే పదవి అని తండ్రి పందెం పెట్టాడు. తమ్ముడు నెమలెక్కి వెళ్లిపోయాడు. అన్న తల్లిదండ్రులకు ప్రదక్షిణ చేశాడు. తమ్ముడు ఏ నదికి వెళ్లినా అప్పటికే స్నానం చేసి ఎదురొస్తున్న అన్న కనిపించాడు. గణపతి తెలివిని అందరూ మెచ్చుకుంటారు గానీ, మెచ్చుకోవలసింది కుమారస్వామినే. అన్న మహిమ తెలియక అన్నాను, ఆ పదవి ఆయనకే ఇవ్వండని నోరారా ఒప్పుకున్నాడు. తమిళులు చెప్పుకునే కథలో ఆయన అలా ఒప్పుకోడు. నారదుడు తెచ్చిన పండు అన్నకు దక్కిందని అలిగి పళని కొండెక్కి కూర్చుంటాడు. రెండూ నిజమైన తమ్ముళ్ల లక్షణాలే. కైలాసంలోనే తప్పని తగవు మన ఇళ్లలో తప్పుతుందా?

బ్రిటన్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జూడీ డన్ 1980లలో చిన్నపిల్లల ఇళ్లకే వెళ్లి, వాళ్ల కీచులాటలను ఓపికగా గమనించారు. మాటలు పూర్తిగా రాని రెండేళ్ల పిల్లలకు కూడా, ఏం చేస్తే అక్కకు ఒళ్లు మండుతుందో, ఏం చేస్తే ఏడుపు ఆగుతుందో తెలుసని ఆమె చూశారు. ఎదుటివాళ్ల మనసు చదవడం అక్కడే మొదలవుతుంది. బడిలో స్నేహితుడితో గొడవపడితే స్నేహం పోతుందేమోనన్న బెంగ ఉంటుంది. తోబుట్టువుతో ఆ బెంగ లేదు. ఎంత పోట్లాడినా రాత్రికి పక్క పక్కనే పడుకోవాలి. అందుకే కోపం, ఓటమి, క్షమాపణ ఇవన్నీ పిల్లలు భయం లేకుండా నేర్చుకోగలిగేది అక్కడే.

అలా తోబుట్టువు పక్కనే నేర్చుకుంటూ ఎదిగిన చెన్నై చదరంగం క్రీడాకారులు వైశాలి, ప్రజ్ఞానందలను చూడండి. కూతురిని టీవీకి దూరం చేయాలని తల్లిదండ్రులు ఆమెను చదరంగం నేర్చుకోమని పంపితే, చిన్నవాడూ అక్క వెంటపడ్డాడు. తమ్ముడు 2018లో పన్నెండేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. అక్కకు ఆ హోదా 2023 డిసెంబరులో దక్కింది. ప్రపంచంలో ఇద్దరూ గ్రాండ్‌మాస్టర్లయిన తొలి అక్కాతమ్ముళ్లు వాళ్లే. మధ్యలో గడిచిన ఆ అయిదేళ్లూ, అటువంటి తమ్ముడున్న ఇంట్లో, పట్టు వదలకుండా ఆడటం చిన్న సంగతి కాదు.

ఒకరిని ఒకరితో పోల్చే ఈ చోటే పెద్దలు జాగ్రత్తపడాలి. టెంక కోసం పిల్లలు తమంతట తాము పెట్టుకున్న పోటీ పొద్దుగూకేలోగా తీరిపోతుంది. ‘అక్కను చూసి నేర్చుకో’, ‘వాడి మార్కులెన్ని, నీ మార్కులెన్ని’ అంటూ మనం పెట్టే పోటీ తీరదు. పెళ్లిళ్లయి, పిల్లలు పుట్టాక కూడా, ఆస్తి కాగితాలు బయటికి తీసిన రోజున అది మళ్లీ లేస్తుంది. బేసిను చుట్టూ కూర్చుని ముద్దలు తిన్నవాళ్లు కోర్టు మెట్ల మీద ఎదురుపడి ముఖాలు తిప్పుకోవడం మనం చూస్తూనే ఉన్నాం. అది చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

ఇప్పుడు తగవు పడటానికి తోడే కరవవుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో మహిళకు సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఒక్కరితో చాలనుకునే ఇళ్లు పెరిగాయి. ఎందరిని కనాలన్నది ఆ దంపతుల ఇష్టం, వాళ్ల కష్టసుఖాలను బట్టి ఉంటుంది. ఇద్దరున్న చోట కూడా చెరో ఫోను, చెరో గది వచ్చి పంచుకోవలసిన వస్తువే లేకుండా పోతోంది. కానీ మన వరసల్లో పెదనాన్న, బాబాయిల పిల్లలూ, పెద్దమ్మ, పిన్నిల పిల్లలూ అన్నాచెల్లెళ్లు, అక్కాతమ్ముళ్లే కదా. ఈ వేసవి సెలవుల్లో వాళ్లను ఓ పది రోజులు ఒక ఇంట్లో చేర్చండి. ఒక గది, ఒక టీవీ, ఒక మామిడిపండ్ల బుట్ట ఇవ్వండి. అరుపులు వినిపించగానే తీర్పు చెప్పడానికి పరిగెత్తకండి. దెబ్బలు తగలకుండా మాత్రం చూసుకోండి, చాలు.