ఆకాశానికి చెరువు కనిపిస్తుంది... బిందెలో ఉప్పు కనిపించదు

మీ ఊరి వరి చేను ఏ ఏడాది రొయ్యల చెరువైందో మీకు గుర్తుందా? మీరు మరిచిపోయినా ఉపగ్రహం మరిచిపోదు. అమెరికా మొదటి ల్యాండ్‌శాట్ 1972లో ఎగిరింది. మన ఐఆర్‌ఎస్-1ఎ 1988 మార్చి 17న కక్ష్యలోకి చేరింది. ఇప్పుడు ఐరోపావారి సెంటినెల్-2 ఉపగ్రహాలు అయిదు రోజులకోసారి కోనసీమ మీదుగా వెళుతూ, పది మీటర్ల వివరంతో చిత్రాలు తీసి అందరికీ ఉచితంగా ఇస్తున్నాయి. ఈ చూపు తుపాన్లకూ వరదలకూ బాగానే అక్కరకొస్తోంది. అది మన మంచినీళ్ల బిందె దాకా కూడా దిగిరావాలన్నదే నా వాదన.

పైనుంచి చూస్తే చేనేదో చెరువేదో ఎలా తెలుస్తుంది? మన కంటికి కనిపించని పరారుణ కాంతిని పచ్చని ఆకు బాగా వెనక్కి పంపిస్తుంది, నీరు దాదాపు మింగేస్తుంది. అందుకే ఆ చిత్రంలో కొబ్బరితోట ఏడాది పొడవునా వెలుగుతుంది, చెరువు నల్లగా ఉంటుంది. దమ్ము చేసిన మడిలోనూ నీళ్లే ఉంటాయి కదా అంటారేమో. నాట్లు పడిన కొన్ని వారాలకే మడి పచ్చబడుతుంది. చెరువు మాత్రం నెలల తరబడి నల్లగానే ఉంటుంది. సార్వాలో మబ్బులు అడ్డొస్తే రాడార్ ఉపగ్రహాలున్నాయి. వాటికి మబ్బయినా రాత్రయినా ఒకటే. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ ఆ కోవలోదే.

ఈ చూపును నమ్మవచ్చా అంటే, మన తీరమే సాక్ష్యం. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు ఉపగ్రహ చిత్రాల సాయంతో లెక్కగట్టి, 1976-2001 మధ్య గోదావరి డెల్టా తీరం నికరంగా సుమారు 18 చదరపు కిలోమీటర్ల నేల కోల్పోయిందని తేల్చారు. ఎగువ ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోవడం అందుకు ముఖ్య కారణమన్నారు.

అయితే ఉపగ్రహానికి ఒక హద్దుంది. సముద్రపు ఉప్పదనాన్ని కొలిచేవి ఉన్నా, వాటి చూపు పదుల కిలోమీటర్ల వెడల్పును ఒకే చుక్కగా చూపిస్తుంది. మీ వీధి బోరులో ఉప్పెంతో ఏ ఉపగ్రహమూ చెప్పలేదు. ఎక్కడ వెతకాలో అది చెబుతుంది, వెతకాల్సింది మనమే.

ఎందుకింత పట్టుదల? మన ఒంట్లో రక్తపోటు ఉంది కాబట్టి. రోజుకు 2 గ్రాములకు మించి సోడియం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఉప్పు లెక్కన 5 గ్రాములు, ఒక టీస్పూను. లీటరుకు 500 మిల్లీగ్రాముల సోడియం ఉన్న నీళ్లు రోజుకు రెండు లీటర్లు తాగితే, ముద్ద నోట పెట్టకముందే సగం కోటా అయిపోయినట్టే. ఆపైన ఆవకాయ, అప్పడం, ఎండుచేపల కూర ఉండనే ఉన్నాయి. మనలాంటి డెల్టానే అయిన బంగ్లాదేశ్ తీరంలో గర్భిణులపై జరిగిన పరిశోధనల్లో ఉప్పునీటికీ, అధిక రక్తపోటుకూ, గుర్రపువాతానికీ సంబంధం కనిపించింది. మన దగ్గరా అంతేనని పరీక్షించకుండా అనలేం. కాదని కూడా అనలేం.

నీళ్లలోని ఉప్పుకంతా రొయ్యల చెరువులే కారణమనడం న్యాయం కాదు. సముద్రపు పోటు డ్రెయిన్ల వెంట పైకి ఎక్కుతుంది. బోర్లు అతిగా తోడితే అడుగునున్న ఉప్పునీరు పైకొస్తుంది. కొన్నిచోట్ల భూగర్భంలో ఉప్పు ముందునుంచీ ఉంది. చెరువు తవ్విన రైతునూ తప్పుపట్టలేం. వరి గిట్టక 2011లో పంట విరామం ప్రకటించిన నేల ఇది. ఏ బోరుకు ఏది కారణమో తెలియాలంటే పైనున్న పటమూ కావాలి, కింద నీటి పరీక్షా కావాలి.

ఇక్కడే ప్రభుత్వం చేయాల్సిన పని ఉంది. చెరువుల చిత్రాలు ఒక శాఖవి, నీటి పరీక్షలు మరో శాఖవి, ముప్ఫై ఏళ్లు దాటినవారి బీపీ వివరాలు ఆరోగ్య శాఖవి. ఈ మూడూ ఒకే పటం మీదకు రావాలి. తాగునీటి వనరుకు కనీసం 100 మీటర్ల దూరంలో రొయ్యల చెరువు ఉండాలని కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పది మీటర్ల వివరమున్న చిత్రంలో అది పది గడుల దూరం. కొలవడానికి టేపు పట్టుకుని ఊరంతా తిరగనక్కర్లేదు. ఆ హద్దులో ఉన్న బోర్లను, బావులను కాలువలు కట్టేసిన వేసవిలో ముందుగా పరీక్షించి, ఫలితాన్ని సచివాలయం గోడకు అంటించాలి. సఖినేటిపల్లి, అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వంటి తీర మండలాలతో మొదలుపెట్టి, కొత్తపేట వైపు లంకల దాకా రావచ్చు.

అంతవరకూ మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. జల్ జీవన్ మిషన్ కింద గ్రామాలకిచ్చిన పరీక్ష కిట్లతో క్లోరైడ్ చూడవచ్చు. మీ ఊళ్లో కిట్టు ఎవరి దగ్గరుందో సచివాలయంలో అడగండి. లీటరుకు 250 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే దిక్కు లేకపోతే 1000 వరకు అని భారతీయ ప్రమాణం. ఉప్పునీటిని మరిగిస్తే క్రిములు చస్తాయి కానీ ఉప్పు పోదు, నీరు ఇగిరిన కొద్దీ చిక్కనవుతుంది. పటిక వేస్తే బురద దిగుతుంది, ఉప్పు దిగదు. తాగడానికి టిన్ను కొని, అన్నం పప్పు మాత్రం బోరు నీళ్లతో వండే ఇళ్లు ఆ సంగతీ చూసుకోవాలి. నాలుక అలవాటుపడితే ఉప్పదనం తెలియదు, కాబట్టి రుచిని నమ్మవద్దు. ఇంట్లో గర్భిణి ఉన్నా, బీపీ మందు వాడేవారున్నా నీళ్లు ఎక్కడివో డాక్టరుకు చెప్పండి. మందు మాత్రం మీ అంతట మీరు మానొద్దు.

ఈసారి గ్రామసభకు వెళ్లినప్పుడు రోడ్డు, దీపాలతో పాటు ఇంకో మాట అడగండి: “మా ఊరి చెరువుల పటం ఏది? దాని పక్కన మా నీళ్ల పరీక్ష ఏది?” చిత్రాలు ఉచితంగా దొరికే ఈ రోజుల్లో, డబ్బు లేదన్న జవాబు చెల్లదు.