వృద్ధునకు వ్యాయామము వర్జ్యమా?

ఆయుర్వేదము అభ్యసించిన ప్రతి విద్యార్థికీ దినచర్యాధ్యాయము కంఠస్థము. గురుకులములో నేను మొట్టమొదట వల్లెవేసిన వాటిలో అదొకటి. వాతపిత్త రోగములు గలవారు, బాలురు, వృద్ధులు, అజీర్ణముతో బాధపడువారు వ్యాయామమును విడువవలెనని వాగ్భటాచార్యులు అందులో చెప్పియున్నారు. ఆ ఒక్క వాక్యమును ఆధారము చేసుకొని, మూడు దశాబ్దాలకు పైగా, నా వద్దకు వచ్చిన అరవై దాటిన వారందరికీ “ఇక చాలించండి, విశ్రాంతి తీసుకోండి” అని చెబుతూ వచ్చాను. ఆ మాటను అందరికీ ఒకే తీరుగా చెప్పడం పొరపాటని నేడు నా దృఢమైన అభిప్రాయము. పాఠక మహాశయుల ఎదుట ఆ పొరపాటును ఒప్పుకొని, సరియైన మార్గమేదో విచారించుటకే ఈ వ్యాసము.

మా ఊరిలో ఒక డ్రిల్లు మాస్టారు ఉండేవారు. ఉద్యోగ విరమణ చేసిన తరువాత కూడా ప్రతి ఉదయము ఊరి చివర గుట్టమీది గుడికి మెట్లెక్కి వెళ్ళి వచ్చేవారు. అరవై ఎనిమిదవ యేట మోకాలి నొప్పితో నా వద్దకు వచ్చారు. తైలము ఇచ్చాను, పథ్యము చెప్పాను, గుట్ట ఎక్కడం పూర్తిగా మానమన్నాను. నొప్పి తగ్గింది. ఆయన నా మాటను అక్షరాలా పాటించి అరుగుమీద కూర్చున్నారు. రెండేళ్ళు గడిచాక ఒకనాడు నూతి వద్ద కాలుజారి తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స జరిగిన తరువాత చూడడానికి వెళ్ళాను. ఒకప్పుడు గట్టిగా ఉండిన ఆ తొడలు ఎండిపోయి ఉన్నవి. “వైద్యులుగారూ, మీరు మానమన్నారని మానేశాను. ఇప్పుడు కాళ్ళు నా మాట వినడం మానేశాయి” అన్నారాయన. ఆ మాటలో నిష్ఠూరము లేదు. అందుచేతనే అది నన్ను ఎక్కువ బాధించినది. ఆయన పడిపోవుటకు నా సలహా ఒక్కటే కారణమని చెప్పలేను. కాని పడుచున్న దేహమును నిలబెట్టుకొనే బలము ఆయనకు లేకపోవుటలో నా పాలు ఉన్నది.

ఆ రోజులలోనే, 2013 మే నెలలో, జపాను దేశస్థుడు యూయిచిరో మియురా ఎనభయ్యవ యేట ఎవరెస్టు శిఖరమును ఎక్కినట్లు పత్రికలలో చదివాను. ఆయన వృత్తిరీత్యా స్కీయింగ్ వీరుడు. పాదములకు పొడవైన పలకలు బిగించుకొని మంచు వాలులమీద జారుకుంటూ దిగే విద్యయే స్కీయింగ్. 1970లో ఆయన ఎవరెస్టు పర్వతముమీది సౌత్ కోల్ అను కనుమనుండి, సుమారు 8,000 మీటర్ల ఎత్తునుండి, వీపుకు పారాచూట్ కట్టుకొని మంచుమీద జారి దిగాడు. మధ్యలో అదుపు తప్పి వందల అడుగులు దొర్లి, పెద్ద మంచు అగాధమునకు కొంచెము ఇవతల ఆగి ప్రాణములతో బయటపడ్డాడు. ఆ యాత్రపై తీసిన చిత్రమునకు ఆస్కార్ బహుమతి కూడా లభించినది.

నాకు ఆసక్తి కలిగించినది ఆ యౌవన సాహసము కాదు, ఆ తరువాతి కథ. అరవై దాటేసరికి మియురా స్థూలకాయుడైనాడు. రక్తపోటు మొదలైన వికారములు చేరినవి. తాను నివసించే సప్పోరో నగరములోని, ఎత్తు 531 మీటర్లే గల చిన్న కొండను కూడా ఆయాసము లేకుండా ఎక్కలేని స్థితికి వచ్చాడు. అప్పుడు మేల్కొని, చీలమండలకు చిన్న బరువులు, వీపుమీద సంచి కట్టుకొని నడవడం ప్రారంభించాడు. ఆ బరువును క్రమక్రమముగా పెంచుకుంటూ పోయి, 2003లో డెబ్బయ్యవ యేట, 2008లో డెబ్బయి అయిదవ యేట, 2013లో ఎనభయ్యవ యేట ఎవరెస్టు ఎక్కాడు. నడుమ 2009లో స్కీయింగ్ చేస్తూ పడి కటి ఎముక, తొడ ఎముక విరిగినవి. గుండె లయ తప్పుటచే పలుమార్లు చికిత్స కూడా చేయించుకున్నాడు.

ఇది చదివి నేను పుస్తకములు మరల తెరిచాను. మా గురువుగారు చెప్పిన ఒక మాట గుర్తుకు వచ్చినది. “శాస్త్రములో ఒక వాక్యము మాత్రమే చదివినవాడు వైద్యుడు కాడు, దాని ప్రక్క వాక్యము కూడా చదివినవాడు వైద్యుడు” అనేవారు. ఆయనకు డెబ్బయి ఏళ్ళు దాటినా మూలికల కోసము అడవికి వెళ్ళినప్పుడు శిష్యులమైన మాకంటె ముందు కొండ ఎక్కేవారు. ఎదుట కనబడుచున్న ఆ దృష్టాంతమును విడిచి, వల్లెవేసిన వాక్యమును పట్టుకొనుటయే నా అవివేకము.

ప్రక్క వాక్యములు ఏమి చెబుచున్నవి? వ్యాయామము చేయువానిపై ముసలితనము హఠాత్తుగా వచ్చి పడదని సుశ్రుతాచార్యులు స్పష్టముగా చెప్పియున్నారు. వాగ్భటులే వ్యాయామమువలన శరీర లాఘవము, పనిచేసే సామర్థ్యము, దీప్తాగ్ని, అవయవముల దృఢత్వము కలుగునన్నారు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. అలవాటైన దానిని విడిచిపెట్టుటకు, కొత్తదానిని అలవరచుకొనుటకు పాదాంశిక క్రమమును, అనగా నాలుగవ వంతు చొప్పున మార్చు పద్ధతిని మన శాస్త్రము విధించినది. క్రమము తప్పి, ఒక్కసారిగా విడిచినా పట్టినా అది రోగకారణమగునని హెచ్చరించినది. జీవితాంతము గుట్ట ఎక్కిన మాస్టారిచేత ఒక్కనాడు మాన్పించిన నేను ఈ సూత్రమునే ఉల్లంఘించాను. కొద్దిపాటి బరువుతో మొదలుపెట్టి మెల్లమెల్లగా పెంచుకున్న ఆ జపాను వృద్ధుడు, మన గ్రంథము చూడకుండానే, దానిని పాటించాడు.

మరి వాగ్భటుల నిషేధమునకు అర్థమేమి? వృద్ధుడనగా పంచాంగములో వయస్సు లెక్కించి నిర్ణయింపదగినవాడు కాడని నేను భావిస్తున్నాను. ధాతుక్షయముచే బలము సన్నగిల్లి, శ్రమకు తాళలేని స్థితిలో ఉన్నవాడు అని గ్రహించవలెను. అట్టివానికి నిషిద్ధమైనది యువకులు చేసే కఠిన వ్యాయామమే గాని, తన బలమునకు తగిన కదలిక కాదు. నేటి పరిశోధనలు కూడా దీనిని సమర్థిస్తున్నవి. 1990లో అమెరికాలోని బోస్టన్‌లో వృద్ధాశ్రమ వాసులైన పదిమంది చేత, సుమారు తొంభై ఏళ్ళ వయస్సువారిచేత, ఎనిమిది వారములు తొడ కండరములకు బరువుల వ్యాయామము చేయించగా, ఆ శిక్షణ పూర్తిచేసినవారి బలము సగటున రెండున్నర రెట్లకు మించి పెరిగినట్లు వైద్య పత్రికలో ప్రకటించారు. తొంభై ఏళ్ళ కండ కూడా పిలిస్తే పలుకుతుందన్నమాట.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. “అయితే ముసలివారందరూ హిమాలయములు ఎక్కవలెనా?” అని. ఎంతమాత్రము కాదు. మియురా చేసిన దానిలో వ్యాయామమూ ఉన్నది, సాహసమూ ఉన్నది. ఈ రెంటినీ వేరుచేసి చూడవలెను. తన శక్తికి మించిన పనికి పూనుకొనుటను చరకాచార్యులు సాహసమని పేర్కొని, క్షయమునకు కారణములలో మొదట లెక్కించారు. 2013లో శిఖరము నుండి దిగివచ్చునప్పుడు మియురా బాగా నీరసించి, 6,500 మీటర్ల ఎత్తునగల రెండవ శిబిరము నుండి హెలికాప్టరులో వెళ్ళవలసి వచ్చినది. ఆయన వెంట కుమారుడు, షెర్పాలు, ప్రాణవాయువు సిలిండర్లు ఉన్నవి. ఇవేవీ లేని మనము ఆయనను అనుకరించుట తగదు. అంతేకాదు, 1970 నాటి యాత్రలో ఆరుగురు షెర్పాలు మంచుపాతములో మరణించారు. ఒకరి కీర్తికై ఇతరులు మోసిన బరువును, చెల్లించిన మూల్యమును ప్రశంసల మధ్య మరచిపోరాదు.

నా దృష్టిలో ఆదర్శప్రాయుడు కుమారునికంటె తండ్రి. యూయిచిరో తండ్రి కీజో మియురా 1904లో జన్మించాడు. అటవీశాఖలో ఉద్యోగము చేస్తూ, హక్కోడా పర్వతములలో స్కీయింగ్ చేస్తూ, ఛాయాచిత్రములు తీస్తూ గడిపినవాడు. ముడిబియ్యపు అన్నము, సముద్రపు నాచు, పులియబెట్టిన సోయా వంటి సాదా ఆహారము, ప్రతిదినము తప్పని అంగసాధన ఆయన దినచర్య. తొంభైతొమ్మిదవ యేట ఐరోపాలోని మాఁ బ్లాఁ పర్వతముమీది హిమానీనదముపై స్కీయింగ్ చేశాడు. నూరవ యేట కుమారులు, మనుమలు, మునిమనుమలతో కలిసి అమెరికాలో మంచువాలులు దిగాడు. 2006లో నూటొకటవ యేట మరణించాడు. ఆయన మంచుమీదికి వెళ్ళుట నిత్యకృత్యమువంటిది. నిన్న చేసినదానినే నేడూ చేయుట, రేపు చేయగలిగినంత బలము మిగుల్చుకొనుట ఆయన విద్య. అర్ధశక్తి వ్యాయామమని మనవారు చెప్పినది ఇదే.

కుమారుని జీవితములో కూడా నేను అన్నిటికంటె మెచ్చుకొనే ఘట్టము ఎవరెస్టు కాదు. 2019 జనవరిలో, ఎనభైయారవ యేట, ఆయన దక్షిణ అమెరికాలోని అకోంకాగ్వా పర్వతము ఎక్కబోయాడు. దాని ఎత్తు 6,961 మీటర్లు. సుమారు 6,000 మీటర్ల వద్ద, వెంట వచ్చిన వైద్యురాలు గుండెకు ప్రమాదమని చెప్పి ఆపివేసినది. ఆయన ఆ మాట విని దిగివచ్చాడు. ఎక్కుటకు కాళ్ళబలము చాలును. దిగుటకు బుద్ధిబలము కావలెను. 2020లో మెడవద్ద వెన్నుపాము ప్రక్కన రక్తము గడ్డకట్టి కాలుసేతులు చచ్చుపడగా, మరల సాధన చేసి లేచి, 2023 ఆగస్టులో తొంభయ్యవ యేట, చక్రాల కుర్చీలో, కుటుంబసభ్యులు, మిత్రులు లాగుచుండగా ఫూజీ శిఖరము చేరాడు. ఇతరుల సాయము తీసుకొనుటకు సిగ్గుపడకపోవుట కూడా వార్ధక్యములో నేర్వదగిన విద్యయే.

మన తెలుగునాట కొండలెక్కుట కొత్త కాదు. అలిపిరి నుండి తిరుమలకు మూడువేల అయిదువందలకు పైగా మెట్లు ఉన్నవి. అరవై డెబ్బయి ఏళ్ళవారు ఎందరో ఎక్కుచున్నారు. కాని ఏడాది పొడుగునా కుర్చీలో కూర్చుండి, మ్రొక్కుబడి రోజున ఒక్కసారిగా ఎక్కుట సాహసమే. ఎక్కదలచినవారు మూడు నెలల ముందుగానే ఇంటి మెట్లతో ప్రారంభించవలెను.

నేడు నా వద్దకు వచ్చే వృద్ధులకు నేను చెప్పే క్రమము ఇది. మొదట గుండె, రక్తపోటు, మోకాళ్ళు పరీక్ష చేయించుకోవలెను. ఉదయము గోరువెచ్చని నువ్వుల నూనెతో కాళ్ళకు, నడుముకు అభ్యంగము చేసుకొని, తరువాత వేడినీటి స్నానము చేయవలెను. నూనె కాలితో గచ్చుమీద నడవరాదు. కుర్చీలో నుండి చేతులు ఆనించకుండా లేచి కూర్చొనుట అయిదుసార్లతో ప్రారంభించవలెను. వారము గడిచిన తరువాత నాలుగవ వంతు మాత్రమే పెంచవలెను. నుదుట, ముక్కుపై చెమట పట్టి, నోటితో ఊపిరి తీసుకొనవలసి వచ్చినచో అర్ధశక్తి ముగిసినదని గ్రహించి ఆపవలెను. గ్రీష్మములో, వర్షాకాలములో ఇంకను తగ్గించవలెను. జీర్ణశక్తిని బట్టి పాలు, మినుములు, రాగులు తీసుకోవచ్చును. మధుమేహము లేనివారు నువ్వులు బెల్లము దంచిన చిమ్మిలి ఉండ ఒకటి తినవచ్చును. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరుగుట, మితిమీరిన ఆయాసము కలిగినచో గృహవైద్యముతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెను.

మాస్టారికి కూడా ఈ క్రమమునే చెప్పాను. శస్త్రచికిత్స చేసిన వైద్యుని అనుమతి తీసుకొని, మొదట మంచముపై, తరువాత కుర్చీలో, పిమ్మట గోడ పట్టుకొని సాధన చేశారు. ఆయన మరల గుట్ట ఎక్కలేదు. ఏడాదికి కర్రసాయముతో గుట్ట మొదటి మెట్టువరకు వెళ్ళి, దానిమీద కూర్చుండి దండము పెట్టుకొని వచ్చేవారు. ఆ సలహా రెండేళ్ళు ముందుగా ఇచ్చియుంటే ఆయన గుడిలోనే దండము పెట్టుకొనేవారేమో. ఆ ఆలోచన నన్ను ఇప్పటికీ విడువలేదు. కాబట్టి తోటి వైద్యులకు నా మనవి ఒక్కటే: వృద్ధునకు “మానండి” అని చెప్పుటకు ముందు, “ఎంత చేయగలరు?” అని అడగండి.