అమ్మాయిని రేడియాలజీ చదివించవచ్చునా?

మొన్నటి ఉగాది సమావేశంలో, కౌలాలంపూర్‌లో చాలాకాలంగా స్థిరపడిన ఒక మిత్రులు నన్ను పక్కకు పిలిచి ఒక ప్రశ్న వేశారు. వారి అమ్మాయి ఇక్కడే వైద్యవిద్య నాలుగవ సంవత్సరం చదువుతున్నది. మొదటినుంచీ ఆమెకు రేడియాలజీ మీద మక్కువ. ఇప్పుడు మాత్రం, “ఎక్స్-రేలు కంప్యూటరే చదివేస్తుందట, ఇక ఆ చదువెందుకు నాన్నా?” అంటున్నదట. “మీరు సైన్సు తెలిసినవారు, ఏం చెప్పమంటారు?” అని మిత్రులు అడిగారు. నేను వైద్యుణ్ణి కాను, రసాయన పరిశోధకుణ్ణి. అయినా ఆ ప్రశ్నకు సమాధానం నా వృత్తిలోనే కొంత ఉన్నదనిపించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఈ భయం ఆ ఒక్క అమ్మాయిది కాదు. 2016లో టొరంటోలో జరిగిన ఒక సభలో, కృత్రిమ మేధకు ఆద్యులలో ఒకరైన జెఫ్రీ హింటన్, రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఇక మానివేయాలనీ, ఐదేళ్ళలో, మహా అయితే పదేళ్ళలో, యంత్రం వారిని మించిపోతుందనీ అన్నారు. 2024లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్న మేధావి ఆయన. అటువంటివారి మాట విద్యార్థులకు తగలకుండా ఉంటుందా? బ్రిటన్‌లో 19 వైద్య కళాశాలలకు చెందిన 484 మంది విద్యార్థులను ప్రశ్నించి 2020లో ప్రకటించిన అధ్యయనంలో, 49 శాతం మంది కృత్రిమ మేధ కారణంగా రేడియాలజీ వైపు వెళ్ళే ఆలోచన తగ్గిందన్నారు.

మన ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలలో దృశ్యం వేరు. స్నాతకోత్తర ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చినవారు ముందుగా కోరుకునే సీట్లలో రేడియాలజీ ఇప్పటికీ ఒకటి. ఒకచోట భయం, మరొకచోట మోజు. రెండుచోట్లా లెక్క రాబడిదే గాని, పనిది కాదు. అందుకే ముందు ఆ పని ఏమిటో చూద్దాం.

యంత్రం శక్తిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. స్వీడన్‌లో 80,000 మందికి పైగా స్త్రీలతో రొమ్ము కాన్సర్ పరీక్షలపై జరిగిన ప్రయోగ ఫలితాలు 2023లో వెలువడ్డాయి. యంత్రం సాయంతో వైద్యులు చిత్రాలు చదివే శ్రమ 44 శాతం తగ్గింది, కాన్సర్లను పట్టుకోవడంలో లోపం రాలేదు. క్షయ పరీక్షలో, 15 ఏళ్ళు నిండినవారి ఎక్స్-రేలను మనిషికి బదులు కంప్యూటరు చదవవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే అంగీకరించింది. రేడియాలజిస్టు లేని మారుమూల ఊళ్ళకు ఇది వరమే. అయినా హింటన్ పెట్టిన మొదటి గడువు 2021తోనే తీరిపోయింది, రేడియాలజిస్టుల అవసరం తీరలేదు. తాను చిత్రాలను చదవడం గురించి మాత్రమే మాట్లాడాననీ, కాలం విషయంలో పొరబడ్డాననీ, దిశ విషయంలో కాదనీ ఆయనే 2025లో వివరణ ఇచ్చారు.

అసలు కిటుకు ఆ “చిత్రాలను చదవడం మాత్రమే” అన్న మాటలో ఉన్నది. మా ప్రయోగశాలలలో ఈ కథ పాతదే. 1965లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్, జాషువా లెడర్‌బర్గ్ ‘డెండ్రాల్’ అనే కంప్యూటరు ప్రోగ్రాముకు శ్రీకారం చుట్టారు. మాస్ స్పెక్ట్రోమీటరు గీసిన రేఖలను బట్టి అణువు నిర్మాణాన్ని ఊహించడం దాని పని. నేడు కంప్యూటరు ఆ రేఖలను తన దగ్గరున్న వేలాది పటాలతో క్షణాలలో పోల్చి పదార్థం పేరు చెబుతుంది. అంతమాత్రాన రసాయనజ్ఞుడు ఇంటికి పోలేదు.

కారణం చెబుతాను. ఆర్థో, మెటా, పారా జైలీన్లు మూడు వేర్వేరు పదార్థాలు, కాని ఆ యంత్రంలో వాటి పటాలు దాదాపు ఒకేలా ఉంటాయి. పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజులలో, తెర మీద మొదట కనిపించిన పేరును అలాగే నోటు పుస్తకంలోకి ఎక్కించి రెండు వారాల పని వృథా చేసుకున్నాను. యంత్రం తనకు తెలిసినది చెప్పింది. నమూనా ఎక్కడిది, మరొక పరీక్ష అవసరమా అని అడగవలసినవాణ్ణి నేను, అడగలేదు.

నేను పోగొట్టుకున్నది రెండు వారాలు. వైద్యంలో పోయేది ప్రాణం. ఊపిరితిత్తి మీద మచ్చ క్షయ కావచ్చు, కాన్సర్ కావచ్చు, ఎప్పుడో మానిన పాత గాయం కావచ్చు. పాత ఎక్స్-రే తెప్పించి పోల్చడం, జ్వరం ఎన్నాళ్ళుగా ఉన్నదో కనుక్కోవడం, శస్త్రవైద్యునితో చర్చించడం, సూదితో కణజాలం తీసి పరీక్షకు పంపడం ఇదంతా రేడియాలజీయే.

నన్ను కలవరపెట్టే విషయం మరొకటి ఉన్నది. 2023లో వెలువడిన ఒక జర్మన్ అధ్యయనంలో 27 మంది రేడియాలజిస్టులకు మామోగ్రాములు చూపి, పక్కనే యంత్రం అభిప్రాయమంటూ ఒక సూచన ఉంచారు. సూచన సరైనదైనప్పుడు అనుభవం తక్కువైనవారు నూటికి 80 సరిగా చెప్పారు. కావాలని తప్పు సూచన పెట్టినప్పుడు 20కి పడిపోయారు. తలపండినవారు సైతం 82 నుంచి సుమారు 45కు దిగారు. కనుక యంత్రం వైద్యుని తొలగిస్తుందన్నది నా భయం కాదు. కన్ను పదును తేరకముందే చేతికి వచ్చిన యంత్రం, వైద్యుణ్ణి వైద్యుడు కాకుండా చేస్తుందేమోనన్నదే నా భయం. శిక్షణలో ఉన్నవారు ముందు తమ అభిప్రాయం వ్రాసి, తరువాతనే యంత్రం అభిప్రాయం తెరచి చూసే నియమం ప్రతి బోధనాసుపత్రిలోనూ ఉండాలని నేను కోరుకుంటాను.

ఇక మిత్రుల ప్రశ్న. మలేషియాలో పట్టా చేతికి వచ్చాక రెండేళ్ళ హౌస్‌మన్‌షిప్, ఆపైన వైద్యాధికారిగా కొంతకాలం, ఆ తరువాత నాలుగేళ్ళ మాస్టర్స్ గాని, లండన్ రాయల్ కాలేజీ వారి పరీక్షలు గాని. ఆ అమ్మాయి రేడియాలజిస్టు కావడానికి ఇంచుమించు పదేళ్ళు పడుతుంది. ఈనాటి యంత్రాన్ని చూసి పదేళ్ళ తరువాతి బ్రతుకును నిర్ణయించడం తొందరపాటు. గంటలు తక్కువ, రాబడి ఎక్కువ అని వెళ్ళేవారికి, చూచి సంతకం పెట్టడమే పని అనుకునేవారికి, ఆ చదువు వద్దనే చెబుతాను. “ఇది ఇలా ఎందుకున్నది?” అని నిద్ర మానుకొని ఆలోచించే బిడ్డకు మాత్రం నిర్భయంగా చదవమంటాను.

మిత్రులకు ఒక్కమాటే చెప్పాను: “అమ్మాయికి ఆ చదువు ఎందుకు ఇష్టమో ముందు అడగండి. యంత్రం సంగతి తరువాత మాట్లాడుకుందాం.” ఇటువంటి బిడ్డలున్న తల్లిదండ్రులందరికీ నా మనవి కూడా అదే.