బొమ్మ బాగుంది, రెండోసారి వేస్తాడా?

రిపోర్ట్ కార్డులు ఇచ్చే రోజున తల్లిదండ్రుల నుంచి ఈమధ్య నాకు తరచుగా వస్తున్న ప్రశ్న ఒకటుంది. "మా వాడికి బొమ్మల పిచ్చి మేడమ్. దాంట్లో ఏమైనా ఫ్యూచర్ ఉంటుందా, లేక ఇప్పుడే మాన్పించమంటారా?" అడిగేటప్పుడు గొంతులో సగం గర్వం, సగం భయం ఉంటాయి. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. ఇంజినీరింగ్ చదివితే ఏమవుతుందో మీ వీధిలోనే పదిమందిని చూసి చెప్పగలరు. బొమ్మలు వేసి ఇల్లు నడిపే మనిషి మాత్రం మన బంధువుల్లో ఒక్కరూ కనబడరు.

ఫ్యూచర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీరు ఇంట్లో గమనించాల్సింది ఇంకొకటి ఉంది. కష్టపడి వేసిన బొమ్మను చూసి ఎవరైనా "ఇలా కాదు, ఇంకోలా కావాలి" అంటే మీ అబ్బాయి, మీ అమ్మాయి మళ్లీ వేస్తారా? సరదాగా బొమ్మలు వేసే పిల్లలకీ, బొమ్మలతో సంపాదించే ఇలస్ట్రేటర్‌కీ మధ్య నాకు కనిపించే పెద్ద తేడా ఇదే. చెయ్యి తిరగడం దీని తర్వాతే వస్తుంది.

ఈ ఏడాది ఎనిమిదో తరగతి ఇంగ్లిష్ క్లాసులో ఒక చిన్న పని ఇచ్చాను. నాలుగు వాక్యాల కథ. ఒక అమ్మాయి వానలో బడికి బయల్దేరుతుంది, దారిలో చెప్పు తెగుతుంది, చెప్పులు కుట్టే తాత దగ్గర ఆగుతుంది, ఆలస్యంగా క్లాసులోకి వస్తుంది. నాలుగు బొమ్మలు వేయాలి. నాలుగింట్లోనూ ఉన్నది ఒకే అమ్మాయి అని చూసేవాళ్లకు తెలియాలి. పోటీల్లో ప్రైజులు తెచ్చుకున్న ఇద్దరు మొదటి బొమ్మ చాలా అందంగా వేశారు. రెండో బొమ్మకి అమ్మాయి ముఖం మారిపోయింది. మూడో బొమ్మలో తాత చెట్టు చాటుకి వెళ్లిపోయాడు, ఎందుకంటే వంగి కూర్చున్న మనిషిని వేయడం కష్టం. ఎప్పుడూ ఏ పోటీకీ పేరివ్వని ఒక అబ్బాయి మాత్రం నాలుగు బొమ్మల్లోనూ అమ్మాయి బ్యాగుకి అదే ఊడిన జిప్పు పెట్టాడు. తాత పక్కన మేకుల డబ్బా, దారపుండ, నీళ్ల సీసా వేశాడు. గీతలు వంకరే. "తాతకి కోపం వచ్చినట్టుంది, కథలో అలా లేదు కదా" అన్నాను. వెంటనే రబ్బరు తీసుకుని కూర్చున్నాడు. లంచ్ బెల్ కొట్టినా లేవలేదు.

పోటీలు వద్దని నేననను. కానీ వాటిలో ఎక్కువగా ఏం జరుగుతోందో చూడండి. సినిమా హీరో ఫొటో ఎదురుగా పెట్టుకుని ఉన్నదున్నట్టు దించితే అందరం చప్పట్లు కొడతాం. ఆ పనిని రేపు డబ్బిచ్చి అడిగేవాళ్లు తక్కువ, ఫొటో ఉండనే ఉంది కాబట్టి. ఇలస్ట్రేటర్‌కి ఇచ్చేది ఇంకా ఎవరూ చూడని దృశ్యం.

మీలో చాలామంది చందమామ చదివి పెరిగినవాళ్లే. చేతిలో కత్తి, భుజాన శవంతో నడిచే విక్రమార్కుడి బొమ్మ కళ్లు మూసుకున్నా కనబడుతుంది కదా. అది వేసిన శంకర్ గారు మద్రాసులో ఆర్ట్ చదువుకుని, 1950ల మొదట్లో చందమామలో చేరి, దశాబ్దాలపాటు అక్కడే పనిచేశారు. కథ నెలనెలా వస్తుంది, అచ్చుకి వెళ్లే తేదీ దగ్గరపడుతుంది, ఆలోపు బొమ్మ కావాలి. మూడ్ బాగోలేదంటే కుదరదు. ఆయన 2020లో, తొంభై దాటిన వయసులో కన్నుమూశారు. మరుసటి ఏడాది పద్మశ్రీ ప్రకటించారు. మన బాపు గారు లా చదివారు. ఆ చదువు బొమ్మలకేమీ అడ్డం రాలేదు. ఆయన చేతిరాతే ఫాంటుగా మారి ఇప్పుడు మీ ఇంటికొచ్చే శుభలేఖల మీద కూడా ఉంటుంది.

అసలు ఈ పని ఎలా నడుస్తుందో తెలిస్తే భయం కొంత తగ్గుతుంది. పిల్లల పుస్తకాన్నే తీసుకోండి. చెన్నైలో తూలిక, తారా బుక్స్, బెంగళూరులో ప్రథమ్ బుక్స్, హైదరాబాద్‌లో మంచి పుస్తకం లాంటి ప్రచురణకర్తలు ఉన్నారు. కథ చేతికొచ్చాక ఇలస్ట్రేటర్ ముందు పుస్తకమంతా అగ్గిపెట్టెంత చిన్న బొమ్మల్లో వేసుకుంటారు. ఏ పేజీలో ఏం ఉండాలి, అక్షరాలకి చోటెక్కడ వదలాలి అన్నది అక్కడే తేలుతుంది. తర్వాత పెన్సిల్ రఫ్‌లు, వాటి మీద ఎడిటర్ మార్పులు, మళ్లీ రఫ్‌లు. రంగులు చివర్లో. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు పుస్తకాలు ఉచితంగా చదువుకోవచ్చు. ఒక ఆదివారం పిల్లలతో కూర్చుని నాలుగు పుస్తకాలు చూడండి. బొమ్మలు వేసినవాళ్ల పేరు కూడా చదవండి, ఎందుకంటే అది ఉద్యోగం చేసే ఒక మనిషి పేరు.

చదువు విషయం క్లుప్తంగా చెప్తాను. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకున్నంత మాత్రాన ఈ దారి మూసుకుపోదు. ఐఐటీల్లో బీడెస్ కోసం రాసే యూసీడ్ పరీక్షకి గ్రూపు ఏదైనా ఫరవాలేదు. హైదరాబాద్ ఐఐటీలో కూడా ఆ కోర్సు ఉంది. ఎన్‌ఐడీలకు విడిగా డాట్ అనే పరీక్ష ఉంది, అమరావతి ప్రాంతంలో ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ ఉంది. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో నాలుగేళ్ల బీఎఫ్ఏ ఉంది. అక్కడి అప్లైడ్ ఆర్ట్ విభాగం మన విషయానికి బాగా దగ్గర. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనూ ఫైన్ ఆర్ట్స్ ఉంది. ఒక్క జాగ్రత్త. యూసీడ్, డాట్ ఇంటర్ సెకండియర్‌లో డిసెంబరు, జనవరి నెలల్లోనే వచ్చేస్తాయి. దరఖాస్తు అంతకుముందే పెట్టాలి. ఈఏపీసెట్ అయ్యాక చూద్దాంలే అనుకుంటే ఏడాది పోయినట్టే.

ఇంట్లో ఏం కొనాలని అడుగుతారు. ఐప్యాడ్ కొనకండి. గీతలు లేని నోట్‌బుక్, 2బీ, 6బీ పెన్సిళ్లు చాలు. బస్టాండులో, పెళ్లి భోజనాల దగ్గర, అమ్మమ్మగారి వంటింట్లో కనబడినవి వేయమనండి. ప్రవేశ పరీక్షల్లో ఫొటో ఇవ్వరు, చూసి గుర్తుపెట్టుకున్నదాన్నో, ఊహించుకున్నదాన్నో వేయమంటారు. తొమ్మిది, పది తరగతులకి వచ్చాక కంప్యూటర్ మీద వేయాలనిపిస్తే క్రిటా అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. స్క్రీన్ లేని పెన్ ట్యాబ్లెట్ కొన్ని వేల రూపాయలకే వస్తుంది.

మీరు నిజంగా సాయం చేయగలిగేది మరో చోట. మీలో షాపులు నడిపేవాళ్లున్నారు, కాంట్రాక్టులు చేసేవాళ్లున్నారు, అకౌంట్స్ చూసేవాళ్లున్నారు. అడ్వాన్సు ఎందుకు తీసుకోవాలి, మాట మార్చే పార్టీని ఎలా కనిపెట్టాలి, కొటేషన్‌లో ఏం రాయాలి అన్నవి మీకు వెన్నతో పెట్టిన విద్య. ఈ రంగంలోకి వచ్చే కుర్రవాళ్లు దెబ్బ తినేది సరిగ్గా అక్కడే. బొమ్మకి ఎంత, ఎన్నిసార్లు మార్పులు చేస్తాం, దాన్ని వాళ్లు ఎక్కడెక్కడ వాడుకుంటారు అన్నది పని మొదలయ్యే ముందే కాగితం మీద ఉండాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లుగా, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికి మాత్రమే అని లెక్క. డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగుకి మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవాళ్లే తొలి హక్కుదారులు. కాబట్టి కాగితం తప్పదు.

అది ఇంటి నుంచే మొదలవ్వాలి. చుట్టాల పిల్లాడి పుట్టినరోజు కార్డు, పిన్నిగారి కొత్త టిఫిన్ సెంటర్ బోర్డు, అన్నీ "నువ్వు వేస్తావుగా నాన్నా" అంటూ ఊరికే వేయించుకుంటాం. అదే బోర్డుకి ఫ్లెక్సీ షాపువాడికి బేరమాడైనా డబ్బిస్తాం కదా. రెండు వందలైనా చేతిలో పెట్టమని పిన్నిగారికి చెప్పండి. బదులుగా ఆవిడ రెండుసార్లు మార్పులు అడిగితే పిల్లవాడు ముఖం ముడుచుకోకుండా చేయాలి.

ఆదాయం గురించి నేను తియ్యటి మాటలు చెప్పను. ఫ్రీలాన్స్‌లో ఒక నెల వస్తుంది, రెండు నెలలు రాదు. అందుకే చాలామంది యాడ్ ఏజెన్సీలోనో, గేమింగ్, యానిమేషన్ కంపెనీలోనో ఉద్యోగంతో మొదలుపెట్టి పుస్తకాలు పక్కన చేస్తుంటారు. ఏఐ సంగతి కూడా అడుగుతున్నారు. ఏదో ఒక బొమ్మ ఉంటే చాలనుకునే చవక పనులు దాని దగ్గరికే పోతున్నాయి, పోతాయి. తొమ్మిదో పేజీలో పాప ఓణీ ఇలా కాదు, మా ఊళ్లో ఇలా వేసుకుంటారు, మిగతా ఇరవై పేజీల్లోనూ అలాగే ఉండాలి అనే ఎడిటర్‌కి మాత్రం ఫోన్ చేసి మాట్లాడటానికి మనిషి కావాలి. ఆ మనిషి కాగలిగే పిల్లల గురించే నేను రాస్తున్నది.

ఇంకో మాట, ఇది స్కూళ్ల గురించి. దసరా సెలవులు అయ్యాక చాలా స్కూళ్లలో తొమ్మిది, పది తరగతుల డ్రాయింగ్ పీరియడ్ మెల్లగా రివిజన్‌గా మారిపోతుంది. టైమ్‌టేబుల్‌లో పేరు ఉంటుంది, క్లాసులో లెక్కలు జరుగుతుంటాయి. మేం టీచర్లం అడిగితే ఒక లెక్క, ఫీజు కట్టే మీరు అడిగితే ఇంకో లెక్క. వచ్చే మీటింగులో మార్కుల గురించి అడిగాక, ఆ వారం డ్రాయింగ్ పీరియడ్ జరిగిందా లేదా అని కూడా అడగండి.