పైన పటారం, లోన లొటారం

అమెరికాలో గురికాండ్రు పలువురు పేలిన రైఫిలు తూటాల ఇత్తడి గుల్లలను ఏరి, మరల మందు కూరి వాడుకొందురు. పొదుపు మంచిదే. కాని తోమిన గుల్ల తళతళలాడినంత మాత్రమున యోగ్యమనుట సరికాదని నా అభిప్రాయము.

308 విన్‌చెస్టర్ తూటాకు అక్కడ విధించిన గరిష్ఠ పీడనము చదరపు అంగుళమునకు 62,000 పౌన్లు. పేలినప్పుడెల్ల గుల్ల సాగును. అడుగునకు కాస్త పైన గోడ పలుచబడును. అచ్చట వెలుపల మెఱయు వలయము కనబడినను, లోనికి దించిన కొనవంపు తీగకు గాడి తగిలినను, ఆ గుల్ల పనికిరాదు. మూతి చీలినను, ప్రైమరు వదులైనను అంతే. ఇన్నిమార్లు వాడవచ్చునను లెక్క అన్నిటికి ఒక్కటి కాదు. కనుక ప్రతిమారును ప్రతి గుల్లను పరీక్షింపవలె.

గుల్ల వెల స్వల్పము; తుపాకి వెనుక నుండునది కన్ను. సందేహము కలిగినచో, మరియొకరు ఏరుకొనకుండ నలుగగొట్టి పారవేయుటయే నిజమైన పొదుపు.